మెయిల్ సర్వర్ కొనే ముందు లెక్క చూపండి

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు,

ఫలితాల రోజున, ప్రవేశాల గడువు రోజున మీ విద్యార్థులంతా ఒకేసారి మెయిల్ తెరుస్తారు. సర్వర్ తట్టుకోలేకపోతే నష్టపోయేది వాళ్లే. పోస్ట్‌ఫిక్స్ వంటి పంపే సర్వర్లు చేరని మెయిల్‌ను మామూలు అమరికలో 5 రోజుల దాకా మళ్లీ మళ్లీ పంపేందుకు ప్రయత్నిస్తాయి, నిజమే. గడువు దాటాక చేరిన ఇంటర్వ్యూ పిలుపు ఎవరికి పనికొస్తుంది?

టెండరులో డిస్కు సామర్థ్యం వివరంగా రాసి, ప్రాసెసర్, మెమరీ వివరాలను పాత కాగితం నుంచి ఎత్తి రాస్తే చాలదు. మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2016 మెయిల్‌బాక్స్ సర్వర్‌కు ఆ సంస్థ చెప్పిన కనీస మెమరీ 8 జీబీ. తర్వాతి 2019 వెర్షన్‌కు అదే సంస్థ 128 జీబీ సిఫారసు చేసింది. ఒక్క వెర్షన్‌లో ఇంత తేడా!

ఉచిత సాఫ్ట్‌వేర్ వాడినా ఈ లెక్క తప్పదు. మెయిళ్లలో వైరస్‌లను వెతికే క్లామ్‌ఏవీ, వైరస్ గుర్తుల జాబితానంతా మెమరీలో పెట్టుకుంటుంది. కొత్త జాబితా వచ్చినప్పుడు, మామూలు అమరికలో, పాతదీ కొత్తదీ కాసేపు కలిసే ఉంటాయి; వాడకం దాదాపు రెట్టింపవుతుంది. రోజంతా సాఫీగా నడిచిన సర్వర్ ఆ కొద్దిసేపట్లోనే కూలిపోవచ్చు. సగటు వాడకం చూసి కొనడంలోని ప్రమాదం ఇదే.

వర్చువల్ యంత్రాలైతే ఇంకో జాగ్రత్త: ఎక్స్ఛేంజ్‌కు కేటాయించిన మెమరీని అవసరాన్నిబట్టి తగ్గించి పెంచే పద్ధతిని మైక్రోసాఫ్ట్ అనుమతించదు.

కాబట్టి తదుపరి టెండరుకు ముందు మూడు అంకెలు ప్రకటించండి. రద్దీ గంటలో ఎందరు లాగిన్ అవుతారు? ఎన్ని మెయిళ్లు వస్తాయి? ఒక సర్వర్ ఆగితే మిగిలినవి ఎంత భారం మోయగలవు? వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడకముందే ఆ లెక్కను మీ నోటీసు బోర్డులో పెట్టండి.