రంగేసిన గట్టును చూసి నవ్వేవాళ్లకు

మా అనంతపురంలో ఈ మధ్య ఒక నవ్వు తరచుగా వినిపిస్తోంది. సిమెంటు గట్టుకో, వన్నె తగ్గిన కడప బండకో నల్లరంగు కొట్టి, దాని మీద స్పాంజితో తెల్లచుక్కలు, బంగారు చుక్కలు అద్ది, అచ్చం గ్రానైట్‌లా చేసుకున్న వంటిళ్లను చూసి నవ్వే నవ్వు అది. గృహప్రవేశాల్లో ఇంజనీర్లు నవ్వుతారు. తాడిపత్రి బండలు లారీలకు లారీలు దేశమంతా పోతుంటే, ఆ పక్క ఊళ్లోనే ఉండి రాయికి రాయి రంగు పూసుకుంటారా అని. సాహిత్య సభల తర్వాత టీ తాగుతూ మనవాళ్లు నవ్వుతారు, అనుకరణ సంస్కృతి అని ఒక పేరు కూడా తగిలించి. నాకు అన్నిటికన్నా కష్టం కలిగించేది మూడో నవ్వు. అది మన నవ్వు. వంటింట్లోంచి బయటికి రమ్మని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటుంటే వీళ్లేమిటి, గట్టుకు మేకప్పు వేసుకుంటూ కూర్చున్నారు అని.

ఎవరిని చూసి నవ్వుతున్నాం అన్నదాని కంటే ముందు, ఏది అసలు, ఏది నకిలీ అన్నది తేల్చుకుందాం. ఈ ఆడవాళ్లు ఎక్కువగా అనుకరిస్తున్నది ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయిని. నల్లటి నేల మీద బంగారు చుక్కలుండే బ్లాక్ గెలాక్సీ. ప్రపంచమంతా దాన్ని గ్రానైట్ అనే కొంటుంది. భూగర్భశాస్త్రం చదివినవాళ్లను అడగండి, అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి అంటారు. అంగడివాడు గాబ్రోను గ్రానైట్ అని అమ్మితే వ్యాపారం. పలక పగుళ్లలో రెజిన్ నింపి, కొన్నిటికి నల్లరంగు కూడా పట్టించి మెరిపిస్తే ఫినిషింగు. ఒక ఆడమనిషి తన గట్టు మీద నాలుగు చుక్కలు అద్దుకుంటే మాత్రం మోసం!

పోనీ, చరిత్రకు వద్దాం. హైదరాబాదులో కోఠీ ఉమెన్స్ కాలేజీ మెట్లెక్కిన ఆడపిల్లలు ఎంతమందో ఈ పత్రిక చదువుతారు. 1803లో కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టిన ఆ రెసిడెన్సీ భవనం ముందరి ఎత్తైన స్తంభాలు గుర్తున్నాయి కదా. రాతి స్తంభాలనుకుని వాటికి ఆనుకుని ఫోటోలు దిగాం. అవి సున్నం పూసి, రుద్ది రుద్ది నునుపు తేల్చిన స్తంభాలు. మద్రాసులో దొరల భవనాలకు గవ్వల సున్నంతో చేసిన పూత పాలరాయిలా మెరిసేదని వచ్చినవాళ్లంతా మెచ్చుకుని రాశారు. దాన్ని నకిలీ పాలరాయి అని ఎవరూ ఎగతాళి చేయలేదు, వారసత్వ కట్టడం అన్నారు. ఆ సున్నం నూరిన చేతుల్లో ఆడవాళ్లవి ఎన్నో ఎవరు లెక్కపెట్టారు గనక.

ఇంకా దగ్గరికి వస్తే లేపాక్షి. 2022లో జిల్లా రెండుగా చీలినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మా మనసులో అది మాదే. పదహారో శతాబ్దంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రస్వామి గుడిలో పైకప్పు చూడండి. నిఖార్సైన రాయి. ఆ రాయి కనపడకుండా గచ్చు పూసి, రంగులతో బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లోని చీరల అంచులను ఇప్పటికీ నేతగాళ్లు ఎత్తి వేస్తున్నారు. అంటే రాతి మీద రంగు వేయడం మన సీమకు కొత్త విద్యేమీ కాదు. వేసింది ఎవరు, వేసిన చోటు గుడా వంటిల్లా అన్నదే తేడా.

మా వీధి చివర చట్నీపొడులు, పప్పులపొడి చేసి అమ్ముకునే ఒకామె ఉంది. అద్దె ఇల్లు. వంటింటి గట్టు పెచ్చులూడిన సిమెంటు. ఎంత తుడిచినా కారం రంగు, పసుపు రంగు దిగిపోయి ఉండేది. పొడులు కొనడానికి వచ్చినవాళ్లు గట్టు చూసి, శుభ్రంగా చేస్తావా అమ్మా అని అడిగేవాళ్లట. రెండు రోజులు స్టవ్వును వరండాలోకి మార్చి పని మొదలుపెట్టింది. ముందు సోడాతో కడిగి జిడ్డు వదిలించింది. పెచ్చులూడిన చోట్ల సిమెంటు మెత్తింది. ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. ఒక చేయి ప్రైమరు, రెండు చేతులు నల్ల రంగు. ఆ తర్వాతే అసలు పని. పాత స్పాంజిని చేత్తో ముక్కలుగా తుంచింది. కత్తితో కోస్తే అంచు తిన్నగా వచ్చి అచ్చు వేసినట్టు కనపడుతుందట. ఒక ముక్కతో బూడిద రంగు, ఒకదానితో తెలుపు, కొసరు కొసరుగా బంగారు రంగు. అద్దిన ప్రతిసారీ చేయి తిప్పాలి, లేకపోతే ఒకే మచ్చ వరసగా పడి దొంగతనం బయటపడుతుంది. చివర రెండు పూతలు పారదర్శకమైన ఎపాక్సీ. ఆ వాసనకు కిటికీలు బార్లా తెరిచి పిల్లల్ని వాళ్ల అవ్వ ఇంటికి పంపించింది.

"గ్రానైట్ అని ఎవురికీ చెప్పలేదు మేడం. పొద్దన్నే లేస్తానే ఆ సిమెంటు మొగం చూడబుద్ధి కాకుండా ఉండె, అంతే" అంది నాతో.

ఇందులో అనుకరణ సంస్కృతి ఎక్కడుంది? రోజుకు ఏడెనిమిది గంటలు నిలబడే చోటు కళ్లకు ఇంపుగా ఉండాలనుకోవడం సంపన్నుల హక్కు మాత్రమేనా? తన చూపును తాను కాపాడుకున్న మనిషి ఆమె.

అసలు రాయి గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. నల్లటి కడప బండ సున్నపురాయి. మన వంటిళ్లలో చింతపండు పులుసు, నిమ్మకాయ లేని రోజు ఉండదు. పులుపు పడిన చోటల్లా ఆ బండ తెల్లగా, మచ్చగా తినేస్తుంది. అందుకే పండగలకు దానికి కొబ్బరినూనె రాసి నలుపు తెప్పిస్తారు మా అమ్మలు. అసలు రాయికీ ముస్తాబు తప్పదు, ఆ ముస్తాబు చాకిరీ కూడా మనదే.

ఇక ఆ బండలు మా ఇళ్లకు వచ్చేలోపల ఏం జరుగుతుందో తాడిపత్రి పాలిష్ యూనిట్ల పక్కన పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. కోసేటప్పుడు పోసిన నీళ్లు తెల్లటి బురదై గుట్టలుగా ఎండిపోయి ఉంటాయి, గాలి లేస్తే అదే ముక్కుల్లోకి. ముక్కుకు చీరకొంగు చుట్టుకుని పలకలు మోసే ఆడవాళ్లను చూశాను. సున్నపురాయి దుమ్ములో సిలికా తక్కువే. గ్రానైట్‌లో అది చాలా ఎక్కువ. క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో చేసే కృత్రిమ పలకల్లోనైతే నూటికి తొంభై దాకా ఉంటుంది. ఆ పలకలు కోసిన యువకులు సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పోగొట్టుకుంటుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. ఇక్కడ అవే పలకలు ఆధునిక వంటిల్లు పేరుతో పట్నాల్లో అమ్ముడుపోతున్నాయి. నవ్వాల్సిన నకిలీ ఏదైనా ఉంటే అదీ. దాన్ని చూసి ఎవరూ నవ్వరు, దాని ధర అలాంటిది మరి.

ఇప్పుడు మనవాళ్ల నవ్వు. వంటిల్లు మీద కవితలు చేత్తో ఎత్తి రాసుకుని దాచుకున్న తరం మాది. వంటింటిని అందంగా చూపించి ఆడదాన్ని అందులోనే ఉంచే కుట్ర నాకూ తెలుసు. టీవీ ప్రకటనల్లో మెరిసే గట్టు ముందు నవ్వుతూ నిలబడే ఆవిడ మీద నాకేం ప్రేమ లేదు. కానీ చాకిరీ తప్పనప్పుడు చాకిరీ చేసే చోటును వికారంగా ఉంచుకోవడం తిరుగుబాటు ఎలా అవుతుంది? మనం గట్టు మెరుపు దగ్గర ఆగిపోయి, అడగాల్సినవి అడగడం మరిచిపోయాం.

గట్టు ఎత్తు ఎవరు నిర్ణయించారు? మా సీమ వంట సంగటి. కుండను కాళ్ల మధ్య పట్టి, రెండు చేతులా తెడ్డు పట్టి, నడుం బలమంతా పెట్టి గెలికితే గానీ గడ్డలు కట్టకుండా రాదు. గట్టు మీద గ్యాస్ స్టవ్వు, స్టవ్వు మీద కుండ పెట్టాక తెడ్డు కొస మనిషి భుజం దాటుతుంది. అందుకని మరిగే ఎసరుతో సహా కుండను కిందికి దింపుతారు. చేతులు కాలేదీ, కాళ్ల మీద ఒలికేదీ అప్పుడే. ఒక్క మేస్త్రీ అయినా సంగటి ఎలా కెలుకుతారో చూసి గట్టు కట్టాడా? వారానికి రెండుసార్లు నీళ్లొచ్చే వీధుల్లో బిందెలు నిలవడానికి గట్టు కింద చోటు వదిలాడా? 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్లకు వంటిల్లు గీసిన మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ ఆడవాళ్లు వేసే అడుగులు లెక్కపెట్టి, కిటికీ దగ్గర కూర్చుని కూరలు తరుక్కునే బల్ల పెట్టింది. ఆమెకూ మన వంటిల్లు తెలియదు, కానీ కొలవాల్సింది పని చేసే మనిషిని అన్న ఇంగితం ఉంది.

2020 డిసెంబరులో మన రాష్ట్రంలో లక్షల ఇళ్లస్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. మంచిదే. పట్టా ఆమెది, గట్టు కొలత మాత్రం మేస్త్రీది, రాయి ఎంపిక మొగుడిది. చివరికి ఆమె చేతికి మిగిలేది పైపైన వేసే రంగు. ఆ మిగిలినదాన్ని ఆమె అంత శ్రద్ధగా వాడుకుంటే మనం దాన్నీ లాక్కుంటున్నాం, నవ్వి.

రంగు శాశ్వతమని నేను అనను. పొయ్యి మీంచి దింపిన బాణలి నేరుగా పెడితే పూత బుడగలు లేస్తుంది, కత్తి పెడితే గీత పడుతుంది. దాని మీద పిండి పిసకకూడదు. మా వీధి ఆమె గట్టు మీద ఎప్పుడూ రెండు కుదుళ్లు, ఒక చెక్క పీట ఉంటాయి. రెండేళ్లకోసారి మళ్లీ పూయాలి. ఆ పని కూడా ఆమె ఖాతాలోనే పడుతుంది, ఆ కోపం నాకూ ఉంది.

గట్టు పూర్తయిన నెలలోనే ఇంటి యజమాని అద్దె వసూలుకు వచ్చి చూశాడు. రంగు ఖర్చు అద్దెలో తగ్గించుకోమని ఆమె అడిగితే, మేం వేయమన్నామా అన్నాడు. వచ్చే నెల నుంచి మూడు వందలు పెంచాడు. పక్క పోర్షనుకు వచ్చినవాళ్లతో, ఆ ఇంట్లో గ్రానైట్ గట్టు ఉంది, అందుకే ఆ రేటు అని చెప్తున్నాడట.

ఆమెకు ఊరి బయట లేఅవుట్లో పట్టా ఉంది. గోడలు కిటికీల దాకా లేచాయి. పోయిన వారం సంగటి తెడ్డు తీసుకుపోయి, నేల మీద నిలబెట్టి, తన నడుముకు ఆనించి, ఇంత ఎత్తుకే కట్టు, పక్కన ఇంకో చిన్న గట్టు జానెడు కిందికి కట్టు అని మేస్త్రీకి చూపించింది. అందరికీ ఒకే కొలతమ్మా, రెండు గట్లు ఎక్కడన్నా ఉంటాయా అన్నాడు. ఆమె ఇటుకల మీద కూర్చుంది. పని ఇంకా అక్కడే ఆగి ఉంది.