మౌలాలి వాటా ఎంత?

తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబర్ 22న జీవో 27తో తెచ్చిన పారిశ్రామిక భూముల మార్పిడి విధానం, అందరూ ‘హిల్ట్’ అంటున్నది, ఇప్పుడున్న రూపంలో మౌలాలికి, నాచారానికి, ఉప్పల్‌కు కీడే చేస్తుంది. దాన్ని సవరించాలి. సవరించే దాకా ఈ మూడు చోట్లా ఒక్క ప్లాటుకు కూడా మార్పిడి అనుమతి ఇవ్వకూడదు.

విధానంలో ఉన్నది ఇదీ. నగరంలోనూ శివార్లలోనూ ఉన్న 22 పారిశ్రామిక వాడలు, 9,292 ఎకరాలు. ఇన్నాళ్లూ షెడ్డు తప్ప మరొకటి కట్టరాని ప్లాటులో ఇక అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చు, ఆఫీసులు కట్టుకోవచ్చు, మాల్ కట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం రుసుము చెల్లిస్తే చాలు. ప్లాటు ముందు రోడ్డు 80 అడుగులో అంతకు మించో ఉంటే 50 శాతం. మౌలాలి, నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి, తూర్పు వాడలన్నీ జాబితాలో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ విలువకూ బజారు ధరకూ మధ్య ఎంత తేడా ఉంటుందో హైదరాబాద్‌లో వంద గజాల జాగా కొన్నవాడిని ఎవరినడిగినా చెబుతాడు. ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందన్న దాని మీదే ప్రతిపక్షం 5 లక్షల కోట్ల కుంభకోణమని కేకలు వేస్తోంది, ప్రభుత్వం కాదని దబాయిస్తోంది. ఈ పేచీ అంతటిలోనూ ఆ షెడ్ల పక్క గల్లీల్లో బతుకుతున్న మనిషి ఊసు లేదు.

ఆ మనిషి ఇక్కడికి ఊరికే రాలేదు. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్), 1971లో అణు ఇంధన సముదాయం వచ్చాయి. రైల్వే మౌలాలిలో లోకోషెడ్డు పెట్టింది, శిక్షణ సంస్థ పెట్టింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ చుట్టూ పారిశ్రామిక వాడలు లేచాయి. ఎన్టీఆర్ 1976లో నాచారంలో రామకృష్ణ స్టూడియో కట్టారు. వరంగల్, జనగామ, భువనగిరి నుంచి వచ్చినవాళ్లు ఊరి బస్సు దిగిన ఉప్పల్ చుట్టుపక్కలే కాపురం పెట్టారు. తర్వాత ఒడిశా, బిహార్ కుర్రాళ్లు వచ్చి ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకున్నారు. సర్కారు ఈ భూముల్ని చౌకగా ఇచ్చింది ఫ్యాక్టరీలు నడుస్తాయని, పదిమందికి పని దొరుకుతుందని. ఆ షరతు మీద దక్కిన భూమి విలువ ఇవాళ అనేక రెట్లు పెరిగిందంటే అందులో యజమాని చెమట ఎంత, జనం పన్నులతో వేసిన మెట్రో, రోడ్లు, మంజీరా, కృష్ణా నీళ్ల పైపులు ఎంత? ఈ లెక్క తేల్చకుండా రిజిస్ట్రేషన్ విలువలో సగం దాటని రుసుముతో చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఫ్యాక్టరీలు ఇక్కడే ఉండాలని మేం అనడం లేదు. రాత్రి పదిన్నర దాటాక నాచారం, మల్లాపూర్ కాలనీల్లో కిటికీలు ఎందుకు మూస్తారో ఆ గాలి పీల్చినవాళ్లకు తెలుసు. కాలుష్య పరిశ్రమల్ని ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలని 2013లోనే జీవో 20 వచ్చింది. పన్నెండేళ్లలో ఎన్ని కదిలాయన్నది వేరే కథ. కొన్ని మూతపడి గోదాములయ్యాయి, కొన్ని చోట్ల ఫంక్షన్ హాళ్లు లేచాయి. కాబట్టి షెడ్లు పోవడం మీద మాకు పేచీ లేదు. ఆ స్థానంలో ఇరవై, ముప్పై అంతస్తులు లేచినప్పుడు ఆ జనం మురుగు ఏ నాలాలోకి పోతుంది, ఆ కార్లు ఏ రోడ్డు మీదికి వస్తాయి అన్నదే మా ప్రశ్న.

నాలా సంగతి 2020 అక్టోబర్ 13 రాత్రి చెప్పింది. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో నీళ్లు ఒక్కరోజులో తగ్గలేదు. జనాన్ని పడవల్లో తెచ్చారు. పై చెరువు నిండి కింది చెరువులోకి, అక్కడి నుంచి మూసీలోకి పోవలసిన దారుల్లో ఇళ్లున్నాయి, గోడలున్నాయి, సర్కారు సొంతంగా వేసిన రోడ్లూ ఉన్నాయి. చెరువుల ఆక్రమణలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక ఉప్పల్ నల్లచెరువు బాగుకు నోచుకుంది, సంతోషం. అయితే ఒక చెరువు పూడిక తీసినంత మాత్రాన చెరువుల గొలుసు కలవదు. అదే గొలుసు మీద ఇప్పుడు వందల ఎకరాల కాంక్రీటు పరుస్తామంటున్నారు.

ఇక రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లికి 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ 2018లో మొదలైంది, 2020లో పూర్తి కావాలి. 2025 ముగిసినా దాని మీద ఒక్క బండి ఎక్కలేదు. ఇన్నేళ్లూ స్తంభాల మధ్య గుంతల్లో, ఎండాకాలం దుమ్ములో, వానాకాలం బురదలో వరంగల్ బస్సులు, ఆటోలు, అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి పాకాయి. మేడారం జాతరకు బస్సులు కదిలేది ఈ ఉప్పల్ రింగ్ నుంచే. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం రామంతాపూర్ మీదుగా ఇంటికి చేరాలనుకోవడం అత్యాశ. కేంద్రం కాంట్రాక్టరును అంది, రాష్ట్రం కేంద్రాన్ని అంది, కాంట్రాక్టరు బిల్లులన్నాడు. ఆరు కిలోమీటర్ల వంతెనను ఏడేళ్లలో కట్టలేనివాళ్లు, 22 పారిశ్రామిక వాడల్ని కొత్త నగరాలుగా మారుస్తామంటే నమ్మడానికి ఆధారమేది?

పట్టాల కథ దీనికి తీసిపోదు. నగర లోకల్ రైళ్ల (ఎంఎంటీఎస్) రెండో దశ 2012-13లో మంజూరైంది, ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రం భరించాలన్న ఒప్పందంతో. మౌలాలి-సనత్‌నగర్ మధ్య 22 కిలోమీటర్ల లైను రక్షణ శాఖ భూముల దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకుపోయి, చివరికి 2024 మార్చిలో ప్యాసింజరు రైలు చూసింది. మౌలాలిలో ఎక్కి సిటీ మధ్యలోకి పోకుండానే లింగంపల్లిలో దిగవచ్చన్న మాట వినసొంపుగానే ఉంది. రోజుకు పిడికెడు రైళ్లు నడిపితే ఆఫీసుకు పోయేవాడు వాటిని నమ్ముకోగలడా? 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌దీ అదే తంతు. 413 కోట్లతో విమానాశ్రయంలాంటి భవనం కట్టారు, దాని దాకా పోయే రోడ్లను మాత్రం పాత ఊరి దారుల్లాగే వదిలేశారు. తెల్లవారుజామున రైలు దిగిన కుటుంబం పెట్టెలు పట్టుకుని ఆటోవాడితో బేరమాడుతుంటుంది.

ఈ వాడల సందర్భంలో బొంబాయిని చూడాలి. అక్కడి బట్టల మిల్లుల భూముల మీద 1991లో ఒక నిబంధన పెట్టారు: మిల్లు స్థలాన్ని మారిస్తే మూడో వంతు ఖాళీ జాగా కోసం నగరపాలక సంస్థకు, మూడో వంతు సామాన్యుల ఇళ్లకు, మిగిలింది యజమానికి. మంచి నిబంధన. 2001లో చిన్న సవరణతో దాని నడుం విరిచారు. మిల్లు కూల్చగా వచ్చిన జాగా లెక్కలోకి రాదు, అంతకు ముందే ఖాళీగా ఉన్న నేలలోనే పంపకం అన్నారు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మిల్లులుండిన పరేల్ చుట్టూ అద్దాల మేడలు లేచాయి, లక్షల మంది ఉద్యోగులు వచ్చి పడ్డారు, రైల్వే స్టేషన్ వంతెన మాత్రం పాతదే మిగిలింది. 2017 సెప్టెంబర్ 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో ఆ ఇరుకు మెట్ల మీద తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు. హిల్ట్‌లో ఆ మొదటి మూడో వంతు నిబంధన పాటి హామీ కూడా లేదు.

మౌలాలిలో మరో సంగతుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి దర్గా ఉన్న గుట్ట ఇది. దాని పాదాల దగ్గరే కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి. 1824లో కన్నుమూసిన ఆమె సమాధిని బాగుచేయడానికి 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం డబ్బివ్వాల్సి వచ్చింది; మన కార్పొరేషన్‌కు అప్పుడు చేతులు రాలేదు. గుట్ట చుట్టూ ఎంత ఎత్తు కట్టవచ్చో ముందే గీత గీయకపోతే, పదేళ్లకు మౌలాలి గుట్టను చూడాలంటే ఎవరిదో బాల్కనీ వెతుక్కోవాలి.

కాబట్టి జీవోలో మార్పులు ఇవి కావాలి. రుసుమును రిజిస్ట్రేషన్ విలువ మీద కాక మార్పిడి తర్వాతి బజారు విలువ మీద కట్టాలి. ఏ వాడలో వసూలైన సొమ్ము ఆ వాడ చుట్టుపక్కల నాలాలకు, రోడ్లకు, బస్సులకే ఖర్చు పెట్టాలి, సచివాలయం ఖజానాలో కలపకూడదు. ప్రతి పెద్ద ప్లాటులో మూడో వంతు బడికి, ఆటస్థలానికి, బస్తీ దవాఖానాకు, పేదల ఇళ్లకు విడవాలి. దశాబ్దాల పాటు రసాయనాలు ఒలికిన నేలలో పిల్లలు ఆడుకునే ముందు మట్టికి పరీక్ష జరగాలి, ఫలితం జనానికి చూపాలి. షెడ్డు మూస్తే అందులో పనిచేసే కాంట్రాక్టు కూలీకి ఏం దక్కుతుందో అనుమతి పత్రంలోనే రాయాలి. ఇదంతా అసెంబ్లీలో చట్టంగా రావాలి. జీవో అయితే బొంబాయిలోలా ఎవరికీ తెలియకుండా మార్చడం సులువు.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2019 నుంచి 2023 దాకా మల్కాజ్‌గిరి ఎంపీ. మౌలాలి, నాచారం, ఉప్పల్ ఆయన నియోజకవర్గంలోవే. 2020 వరద ఆయన ఎంపీగా ఉండగానే వచ్చింది, నారపల్లి స్తంభాలు అప్పుడే ఆగాయి. ఈ వాడల సంగతి ఆయనకు అధికారులు ఫైలు పెట్టి వివరించాల్సిన పని లేదు. జీవో 27ను సవరణకు వెనక్కి పిలిపించుకోవడానికి కావలసింది ఆయన సంతకమే.