మన్యం వెళ్లొచ్చాక జ్వరం వస్తే...

రాజోలు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "ఆగస్టులో మావారికి నాలుగు రోజులు సెలవు కలిసివచ్చింది. అత్తగారినీ, ఇద్దరు పిల్లలనూ తీసుకుని అరకు వెళ్దామనుకుంటున్నాం. అన్‌సీజన్ కదా, గదులు చౌకగా దొరుకుతాయి, జనం తొక్కిడి ఉండదు. కానీ వానాకాలంలో మన్యం నీళ్లు పడవనీ, జ్వరాలు పట్టుకుంటాయనీ ఇరుగుపొరుగు భయపెడుతున్నారు. అత్తగారికి బ్లడ్‌ప్రెషరు, మోకాళ్ల నొప్పులు. పాపకు నాలుగేళ్లు. వెళ్లమంటారా, మానమంటారా?"

నిరభ్యంతరంగా వెళ్లిరండి తల్లీ! శీతాకాలంలో అరకులో జనాన్ని చూడటమే సరిపోతుంది. వానాకాలంలో అయితే కొండలు పచ్చగా కనిపిస్తాయి, ఇంటిల్లిపాదీ తీరిగ్గా నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. మీ ఇరుగుపొరుగు భయంలో మాత్రం సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తెలుసుకుని వెళ్లడం మంచిది. ముందు చిన్న సంగతులు చెప్పి, తర్వాత ఆ విషయానికి వస్తాను.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మీ కోనసీమ వారికి అది పెద్ద ఎత్తుగానే తోస్తుంది. అయినా గాలి పలచబడి తలనొప్పి, ఆయాసం పట్టుకోవడమనేది సాధారణంగా 2,500 మీటర్లు దాటితేగాని రాదు. కాబట్టి అత్తగారి బ్లడ్‌ప్రెషరు అదుపులో ఉంటే ఎత్తు గురించి బెంగ అక్కర్లేదు. బయలుదేరే ముందు ఒకసారి చూపించండి. మాత్రలు రెండు రోజులకు ఎక్కువే సర్దుకోండి. వానలకు కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతే తిరుగు ప్రయాణం ఆలస్యం కావచ్చు.

ఘాటురోడ్డు మలుపుల్లో చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఖాళీ కడుపుతోనూ, పూరీలూ గారెలూ దట్టించీ బయలుదేరకండి. రెండు ఇడ్లీలు చాలు. పిల్లలను దూరంగా ఉన్న కొండలను చూడమనండి, పుస్తకంగాని సెల్‌ఫోనుగాని చూడనివ్వకండి. వాంతుల మాత్ర బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. పాపకు ఎంత మోతాదో డాక్టరునడిగి తెలుసుకోండి. అసలు విశాఖ నుంచి రైల్లో వెళితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. దారిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. అవి లెక్కపెట్టే పని పిల్లలకు అప్పజెపితే అల్లరి కూడా తగ్గుతుంది. చెవులు దిబ్బడ వేస్తే గుటకలు వేయమనండి.

బొర్రా గుహల మెట్లు వానాకాలంలో తడిసి జారుతుంటాయి. అత్తగారు పైనే కూర్చుని వేడివేడి కాఫీ తాగితే మోకాళ్లకు మేలు. ఆవిడకు గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం చూపించండి. వాన కురుస్తున్నా అవి చూడవచ్చు. చాపరాయి దగ్గర, జలపాతాల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. మీరు నిలబడ్డచోట వాన లేకపోయినా పైకొండల్లో కురిస్తే నిమిషాల్లో నీటి ఉద్ధృతి పెరుగుతుంది. గోదావరి పాయల పక్కన పుట్టి పెరిగినవారికి నీళ్లంటే చనువు ఎక్కువ. కొండవాగు దగ్గర ఆ చనువు పనికిరాదు. పిల్లలను దిగనివ్వకండి. తాగడానికి కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. బొంగులో చికెన్ తినండి గాని, లోపల ఎర్రగా ఉంటే మళ్లీ కాల్చమనండి.

ఇక అసలు సంగతి. మన్యానికి ఉద్యోగం మీద వెళ్లినవారు జ్వరంతో తిరిగివస్తే "అక్కడి నీళ్లు పడలేదు" అనేవారు పూర్వం. తప్పు నీళ్లది కాదు, దోమది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. ఆ సంగతి తెలిసి నూరేళ్లు దాటినా, పాతమాట ఇంకా మన నోట్లోనే ఉంది.

"దోమలు మాకు కొత్తా?" అని మీరు నవ్వవచ్చు. కోనసీమ మురుగుకాలువల్లో పుట్టే దోమ బోదకాలు తెచ్చే జాతిది. మన్యంలో మలేరియా తెచ్చే దోమ అది కాదు. కొండవాగుల అంచున, తేటనీటిలో పుడుతుంది, రాత్రిపూట కుడుతుంది. మన్యంలో మలేరియా ఇదివరకటికన్నా చాలా తగ్గిన మాట నిజమే. కానీ పూర్తిగా పోలేదు, వానాకాలంలోనే పెచ్చుతుంది. పైగా, చిన్నప్పటినుంచీ ఆ జ్వరం పడుతూ లేస్తూ ఉన్నవారికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. మీకూ మీ పిల్లలకూ అది లేదు.

కాబట్టి మీ ఇంట్లో దోమతెర ఉంటే పెట్టెలో పెట్టుకోండి. చీకటి పడకముందే పిల్లలకు నిండుచేతుల చొక్కాలు, పొడుగు లాగులు తొడగండి. ఒంటికి రాసే దోమల మందు వాడండి. గర్భిణులు మాత్రం ఈ రోజుల్లో ఈ యాత్ర వాయిదా వేసుకోవడం మంచిది. తల్లికీ కడుపులోని బిడ్డకూ మలేరియా ఎక్కువ హాని చేస్తుంది.

ఇల్లు చేరాక కూడా జాగ్రత్త అవసరం. దోమ కుట్టిన వారం దాటాకగాని సాధారణంగా ఈ జ్వరం రాదు. అప్పటికి ప్రయాణం సంగతి అందరూ మరచిపోతారు. నెలలోపల ఎప్పుడైనా రావచ్చు, ఒక రకం అయితే కొన్ని నెలల తర్వాత కూడా బయటపడుతుంది. చలీ వణుకూ ఉంటేనే మలేరియా అనుకోకండి. పిల్లల్లో వట్టి జ్వరం, వాంతులు, విరేచనాలతోనే మొదలుకావచ్చు. అందుకని జ్వరం వచ్చిన రోజే డాక్టరుతో మీరే నోరువిప్పి "మేము మన్యం వెళ్లొచ్చాం" అని చెప్పండి. ఆ ఒక్క మాటే ప్రాణం కాపాడవచ్చు. కోనసీమలో కూర్చున్న డాక్టరుకు మీరు చెప్పనిదే ఆ అనుమానం రాకపోవచ్చు.

రక్తపరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు మింగవద్దు. ప్రమాదకరమైన రకానికి పూర్వపు క్లోరోక్విన్ ఇప్పుడు పనిచేయదు. ఆ రకం ఆలస్యమైతే రెండుమూడు రోజుల్లోనే మెదడుకు ఎక్కుతుంది. మగత, ఫిట్సు, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. డాక్టరు రాసిన మందులు జ్వరం తగ్గినా ఆపకుండా పూర్తిగా వాడండి.

ఇంటికి రాగానే క్యాలెండరు మీద తిరిగివచ్చిన తేదీకి సున్నా చుట్టండి. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు ఆ సున్నా వైపు చూడండి. ఇక ఇరుగుపొరుగు వారికి, వాళ్ల భయాన్ని కొట్టిపారేయకుండానే, అరకు కాఫీపొడి తెచ్చి ఇవ్వండి.