సాక్షి న్యాయాధిపతి కాగలడా?

విద్యార్థులు అధ్యాపకునికి అంకెలు వేయడం, ఆ అంకెల సగటును బట్టి అధికారులు అతని కొలువును తూచడం పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో ఏనాడో స్థిరపడిన ఆచారం. అది మన గడప కూడా తొక్కింది. 2017లో సవరించిన కొలమానాలలో నాక్ సంస్థ విద్యార్థుల సంతృప్తి సర్వేను చేర్చింది. దీనిని విద్యలో ప్రజాస్వామ్యమని కొనియాడేవారున్నారు. నేనంగీకరించను. విద్యార్థి మాట వినవలసిందే. కాని అతని మెప్పును అంకెగా మార్చి, దానినే బోధనకు కొలబద్దగా చేయడం గురువుకూ ద్రోహమే, శిష్యునికీ ద్రోహమే.

ఇది తెలుగు పండితుని చాదస్తమని కొట్టివేయకండి. లెక్కలలో ఆరితేరిన అర్థశాస్త్రజ్ఞులే ఈ కొలబద్దను పరీక్షించి చూశారు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర, వాణిజ్య విద్యార్థులు చిన్న బృందాలుగా కూర్చుని, ట్యూటర్ సమక్షంలో సమస్యలను చర్చిస్తూ నేర్చుకుంటారు. ఎవరికి ఏ ట్యూటర్ అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. అక్కడి 19,952 మూల్యాంకనాలను శోధించి మెంగెల్, సావర్‌మన్, జోలిట్జ్ 2019లో ప్రకటించిన ఫలితాలు చూడండి. ట్యూటర్ స్త్రీ అయినా, పురుషుడైనా విద్యార్థుల మార్కులలో తేడా లేదు. వారు సొంతంగా చదువుకున్న గంటలలోనూ తేడా లేదు. అయినా స్త్రీలకు తక్కువ అంకెలే పడ్డాయి. ఈ పక్షపాతం ప్రధానంగా మగపిల్లలది. కొత్తగా కొలువులో చేరిన స్త్రీల విషయంలో, గణితం పాలు ఎక్కువైన పాఠాలలో అది మరీ హెచ్చు. విడ్డూరమేమంటే, అందరికీ ఒకటే అయిన పాఠ్యసామగ్రికి సైతం ట్యూటర్ స్త్రీ అయితే తక్కువ అంకె వేశారు! పుస్తకం చేసిన పాపమేమిటి?

ఇక అనుభవం సంగతి. అమెరికా వైమానిక దళ అకాడమీ విద్యార్థులపై కారెల్, వెస్ట్ అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన పరిశోధన ఉంది. అనుభవం తక్కువైన అధ్యాపకుల వద్ద గణితం చదివినవారు ఆ తరగతి పరీక్షలో ముందున్నారు. ఆ గురువులకే ఎక్కువ అంకెలూ వేశారు. పై తరగతులకు వెళ్ళేసరికి మాత్రం అనుభవజ్ఞుల శిష్యులే మెరుగుగా నిలిచారు. అప్పటికి అంకెలు వేయడం ముగిసిపోయింది!

కారణం సుస్పష్టం. అర్థశాస్త్ర ట్యూటర్ గిరాకీ రేఖను తానే గీసి, జవాబు చెప్పి పంపితే గంట హాయిగా గడుస్తుంది. ధర మారితే రేఖ మీద కదలికా, లేక రేఖే జరుగుతుందా, ఎందుకని నిలదీస్తే నుదుట చెమట పడుతుంది. సంధి సూత్రాన్ని వల్లెవేయించే పంతులు కంటె, పదాన్ని విడదీసి చూపమనే పంతులు మీదనే పిల్లలకు కోపం. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే ఒప్పంద అధ్యాపకుడు ఆ కోపాన్ని కొనితెచ్చుకోగలడా? ప్రశ్నపత్రాన్ని తేలిక చేస్తాడు, మార్కులు ధారపోస్తాడు. అతనిని తప్పుపట్టలేము, అన్నం పెట్టే కొలువు కదా! ఆ మూల్యం చెల్లించేది విద్యార్థే.

ఆడమ్ స్మిత్‌ను అడ్డు తెచ్చేవారుంటారు. శిష్యుల రుసుముతో నిమిత్తం లేని ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు పాఠం చెప్పడమే మానివేశారని 1776 నాటి గ్రంథంలో ఆయన ఆక్షేపించిన మాట నిజమే. కాని అది సోమరితనానికి చెప్పిన చికిత్స. గురువు వేళకు వచ్చాడా, మాట వినబడిందా, జవాబుపత్రాలు దిద్ది ఇచ్చాడా అన్న ప్రశ్నలకు విద్యార్థి ప్రత్యక్ష సాక్షి. చెప్పిన పాఠం రేపటికి పనికివస్తుందా అన్నదానికి అతడు న్యాయాధిపతి కాలేడు. ఆ రేపు అతనికింకా రాలేదు కదా!

టొరంటోలో నాటి రయర్సన్ విశ్వవిద్యాలయపు వివాదంలో మధ్యవర్తి 2018లో ఇచ్చిన తీర్పు సారమూ ఇటువంటిదే: పదోన్నతి, ఉద్యోగ స్థిరత్వం తేల్చేటప్పుడు బోధనా సామర్థ్యానికి ఈ సగటు అంకెలను కొలతగా వాడరాదు.

కావున నా మనవి ఇంతే. విద్యార్థిచేత అంకె వేయించకండి, మాట రాయించండి. ఆ కాగితాన్ని ముందు గురువు చేతికివ్వండి. మరు సంవత్సరం, పై తరగతిలో కూర్చున్నాక, అదే విద్యార్థిని మరల అడగండి. తరగతి ఎట్లా నడుస్తున్నదో చూడదలచిన అధికారి వెనుక బల్ల మీద కూర్చుని ఒక గంట పాఠం వినాలి. అంత తీరిక లేనివారికి గురువును తూచే అధికారం ఎక్కడిది?