కొలనుకు మోటారు భారం

విజయవాడ నడిబొడ్డున బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పారుతున్నా, పిల్లలు నిర్భయంగా ఈత నేర్చుకోవాలంటే గాంధీనగర్‌లోని సర్ విజ్జీ మున్సిపల్ ఈత కొలను వంటి చోట్లే దిక్కు. కొలనులో నీరు శుభ్రంగా ఉండాలంటే మోటారు రోజూ గంటల తరబడి తిరగాలి. ఆ కరెంటు ఖర్చు రుసుముపై పడితే పేదపిల్లలు మళ్లీ కాలువ గట్టుకే చేరతారు. అక్కడి ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు.

ఖర్చు తగ్గే దారి ఉన్నది. 5 హార్స్‌పవర్ మోటారు పూర్తి వేగంతో 8 గంటలు తిరిగితే సుమారు 30 యూనిట్ల కరెంటు కాలుతుంది. వేగం సగానికి తగ్గిస్తే నీరు సగం వస్తుంది గాని, కరెంటు ఎనిమిదో వంతే పడుతుంది. అంటే 16 గంటలు తిప్పి అంతే నీటిని వడకట్టినా లెక్క ప్రకారం 8 యూనిట్లు దాటదు. ఆచరణలో సగమే ఆదా అయినా మేలే. ఫిల్టరు కడిగేటప్పుడు మాత్రం పూర్తి వేగం కావాలి. కనుక వేగం మార్చుకోగల మోటారే తగినది.

మోటారు కొనేటప్పుడు చూడవలసింది దాని ధర ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి కట్టే బిల్లు కూడా. కొలనులు నడిపేవారు ముందుగా మోటార్లకు విడి మీటర్లు పెట్టి లెక్క తేల్చాలి. మిగిలిన సొమ్ముతో పేదపిల్లల రుసుము తగ్గించాలి.