కాలం చెల్లినది బండికా, మన వివేకానికా?

తెలుగులో ‘చెల్లు’ అనే ధాతువు చిత్రమైనది. చెల్లుబాటు అన్నప్పుడు అంగీకారాన్ని సూచిస్తుంది. కాలం చెల్లినది అన్నప్పుడు ముగింపును సూచిస్తుంది. చెల్లని నాణెంలో లోహం చెడిపోదు. అది చెల్లదని ఎవరో ప్రకటించడమే దానికి పట్టిన దోషం. ఈమధ్య పత్రికలవారు పదిహేనేళ్లు నిండిన మోటారు వాహనాలన్నిటినీ ఒక్క గాటన కట్టి ‘కాలం చెల్లిన వాహనాలు’ అని రాస్తున్నారు. ఆ మాటలోని అన్యాయాన్ని విప్పిచెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు శబ్దార్థాలు బోధించినవాణ్ణి గనుక, మాటను చూసీచూడనట్టు పోవడం నాకు సాధ్యం కాదు.

నా వద్ద ఉన్నది థండర్‌బర్డ్ 350. 2004లో కొన్నాను. 346 సీసీల ఒంటి సిలిండరు, అయిదు గేర్లు, దాదాపు 180 కిలోల బరువు. పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లయితే దాని ప్రయాణం 90 మిల్లీమీటర్లు. ఈ దీర్ఘగమనం వల్లనే ఇంజను తొందరపడదు. తక్కువ వేగంలోనే బలం చూపుతుంది. గంటకు 60, 70 కిలోమీటర్ల మధ్య దాని నడక గజగమనం. హ్యాండిలు ఎత్తుగానూ ఆసనం విశాలంగానూ ఉండటం చేత నాలుగైదు గంటలు కూర్చున్నా నడుము ఎదురుతిరగదు. మార్కాపురం, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లివచ్చానో లెక్కలేదు. ఆ మలుపులలో మూడో గేరులో వేసి వదిలేస్తే అది తన దారిన తాను పద్యం చదువుకున్నట్టు ఎక్కుతుంది.

తక్కిన లెక్కలు మాత్రం ఉన్నాయి. హాజరుపట్టీ రాసిన చేయి కదా, బండికి కూడా ఒక ఖాతా పుస్తకం పెట్టాను. నేటికి 1,12,000 కిలోమీటర్లు. ఆరు చైను స్ప్రాకెట్ సెట్లు, రెండుసార్లు క్లచ్ ప్లేట్లు, ఒకసారి పిస్టన్ రింగులు, అయిదు జతల టైర్లు. ఇంజనాయిలు తప్పక వేళకు మార్చడం, ట్యాపెట్ల సందు సరిచూడటం, ఏడాదికొకసారి కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించడం. ఒక దుకాణంలో అసలు సరుకని చెప్పి అంటగట్టిన క్లచ్ కేబుల్ మూడు నెలలకే తెగి, అడవి నడుమ నన్ను నిలబెట్టింది. అది బండి వయసు తప్పు కాదు, నకిలీ సరుకు తప్పు. అన్నీ కలిపి చూస్తే ఏడాదికి సగటున ఆరువేల రూపాయలు దాటలేదు.

మా అల్లుడు వచ్చినప్పుడల్లా ఒకే పాట. “మామయ్యగారూ, ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయండి. ఇప్పటి బండ్లలో అన్నీ ఉన్నాయి.” నిజమే, ఉన్నాయి. 2020 నవంబరులో థండర్‌బర్డ్ స్థానంలో మీటియర్ 350 వచ్చింది. నడిపి చూశాను. వణుకు తక్కువ, బ్రేకులు మేలు, దారి చూపే చిన్న గడియారం కూడా ఉంది. మంచి బండిని మంచిదనడానికి నాకు సంకోచం లేదు. అయితే కొత్తది మంచిదైనంత మాత్రాన పాతది చెడ్డదవుతుందా? నెలకు ఆరువేలకు పైబడిన వాయిదా కట్టి, ఏడాదికి ఆరువేలు ఆదా చేసుకోమనే గణితం ఏ బడిలో చెబుతారు?

ఇక పొగ సంగతి. ప్రతిపక్షం వారి బలమైన వాదం ఇదే గనుక దీన్ని దాటవేయను. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల బండి, నా కార్బురేటర్ బండికంటే కిలోమీటరుకు తక్కువ విషం వదులుతుంది. ఇందులో వివాదం లేదు. కానీ గాలిలో చేరే మొత్తం, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానిపై కూడా ఆధారపడుతుంది కదా! పదవీవిరమణ తరువాత నా బండి ఏడాదికి తిరిగేది 2,000 కిలోమీటర్లు. దాన్ని ముక్కలు చేసి, ఆ స్థానంలో మరొకటి పుట్టించడానికి తవ్వే ఖనిజం, కరిగించే ఉక్కు, కాల్చే బొగ్గు ఎవరి పద్దులో రాయాలి? పొగగొట్టం ఒక్కటే ముక్కుకు తగులుతుంది, కొలిమి దూరాన ఉంటుంది. అందుచేత కొలిమికి శిక్ష లేదు.

భద్రత విషయం కూడా అంతే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీలు దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. నా బండికి అది లేదు. కాబట్టి వర్షంలో నేను బయలుదేరను, చీకటి పడ్డాక ఘాట్ ఎక్కను. యంత్రపు పరిమితి ఎరిగి నడపడం కూడా ఒక భద్రతే.

ప్రభుత్వం చేస్తున్నదేమిటో చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆపైన అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. నేను 2019లో చేయించినప్పుడు కేంద్రం నిర్ణయించిన రుసుము 300 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 1,000 అయింది, 2024లో అంతా చెల్లించాను. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు 2,000 చేశారు. హరితపన్ను వగైరాలు వేరు. నేను రెండు వేలు కట్టినంత మాత్రాన నా బండి పొగ రెండింతలు తగ్గుతుందా? బండి ఆరోగ్యాన్ని కొలవకుండా దాని పుట్టినరోజును కొలిచి వసూలు చేసే సొమ్మును పర్యావరణ రక్షణ అనడం, శబ్దానికి చేసే అపచారం.

ఢిల్లీ వ్యవహారం మరీ విడ్డూరం. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు అక్కడ తిరగరాదన్న నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. 2025 జూలై 1 నుంచి వాటికి ఇంధనమే పోయరాదన్నారు. జనం గగ్గోలు పెట్టగా కొద్దిరోజుల్లోనే ఆపివేశారు. అదే ఆగస్టులో, వయసు ఒక్కటే కారణంగా కఠిన చర్యలు వద్దని కోర్టు చెప్పింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఆ లెక్కన నా బండి ఢిల్లీలో ఉంటే రక్షణకు నోచుకోదు. అయినా ఒప్పుకుంటాను, ప్రమాణాన్ని చూడటం పుట్టినతేదీని చూడటం కంటే ఒక మెట్టు మేలు. ఆ మెట్టు మీదే ఆగిపోకుండా, బండిని బండిగా పరీక్షించే మెట్టుకు ఎందుకు చేరరు?

ఇదే ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘మరమ్మతు హక్కు’ పేరిట ఒక వేదికను ప్రారంభించింది. వస్తువులను బాగుచేసుకుని వాడుకోండి, పారవేయకండి అన్నది దాని సందేశం. అందులో మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. ఒక చేత్తో బాగుచేసుకొమ్మని, మరొక చేత్తో తుక్కు చేసుకొమ్మని చెప్పేవారిని ఏమనాలి?

మరమ్మతు మన జాతికి కొత్తది కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన బుల్లెట్ 1955లో మద్రాసు పక్కన తిరువొత్తియూరు చేరింది. పుట్టిన దేశంలో ఆ కర్మాగారం మూతపడినా ఇక్కడ మాత్రం దశాబ్దాల తరబడి తయారవుతూనే వచ్చింది. చెట్టుకింద కూర్చున్న మెకానిక్ సయితం స్పానరు, సుత్తి పట్టి దాన్ని విప్పి బిగించగలగడం ఆ దీర్ఘాయువుకు ఒక ముఖ్య కారణం. నా థండర్‌బర్డ్ ఆ వంశంలోదే. పాతబండ్లను తుక్కు చేస్తే ఆ మెకానిక్కు చేతిలోని విద్యను కూడా తుక్కు చేసినట్టే. శిథిలమైన గుడిని కూలగొట్టం, జీర్ణోద్ధరణ చేస్తాం. దసరానాడు బండికి కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, సంక్రాంతికల్లా ఎక్స్‌ఛేంజికి తోలేవాడి ఆయుధపూజకు అర్థమేమిటి?

నా కోరికలు మూడే. పరీక్ష కఠినంగా పెట్టండి, ఏటా పెట్టినా వస్తాను. పొగ, బ్రేకులు, చట్రం, దీపాలు యంత్రాలతో కొలవండి, తప్పితే నా బండినైనా సరే ఆపివేయండి. నెగ్గిన బండికి మాత్రం వయసు పేరిట జరిమానా వేయకండి. తయారీదారులు ఇరవై అయిదేళ్లపాటు విడిభాగాలు అందించి తీరాలని శాసించండి. ఆ తరువాత కూడా ఓడిపోయిన బండిని కాలం చెల్లిందనండి. అప్పుడు ఆ మాట చెల్లుతుంది.