విచారణ న్యాయాధీశుని యోగ్యత

దిల్‌సుఖ్‌నగరమున 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము కొలది నిమిషముల యెడముతో రెండు బాంబులు ప్రేలెను. 18 మంది మృతినొందిరి. నూర్గురకు మించి గాయపడిరి. చర్లపల్లి కారాగారమున జరిగిన విచారణలో 150 మందికి పైబడిన సాక్షుల వాఙ్మూలములను విని, ప్రత్యేక న్యాయాధీశులు టి. శ్రీనివాసరావుగారు 2016 డిసెంబరు 13న ఐదుగురిని దోషులుగా నిర్ణయించి, 19న మరణదండన విధించిరి. 2025 ఏప్రిల్ 8న ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తులు లక్ష్మణ్, శ్రీసుధగార్లు ఆ తీర్పును ధ్రువపఱచిరి.

పెద్ద తీర్పు వెలువడినప్పుడెల్ల న్యాయాధీశు డే జిల్లావాడు, ఏ కులమువాడని ఆరాతీయుట మనలో వాడుకయైనది. ఈ ప్రశ్నలు నిరర్థకములు. అడుగవలసినది వేఱొకటి గలదు: అతడా పీఠమునకు ఏ మార్గమున వచ్చెను? ఎట్టి యభ్యాసము నార్జించి వచ్చెను?

ఏలయన, సాక్షి తడబాటును, మౌనమును కన్నులార చూచువాడు విచారణ న్యాయాధీశు డొక్కడే. పైకి చేరునది కాగితము మాత్రమే. ఈ వ్యాజ్యమున క్రింది తీర్పు నిలిచెను. అయినను ధ్రువీకరణమునకు ఎనిమిదేండ్లు దాటెను. తీర్పు నిలువని వ్యాజ్యములలో, చెఱలో గడచిన యేండ్లను మరలనిచ్చు వారెవ్వరు? ఎల్.బి.నగరమందలి రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములకు తాతనాటి పట్టాలు చేతబట్టుకొని వచ్చు రైతునకును ఇదియే వర్తించును. అతని భూమి భవితవ్యము తొలి న్యాయాధీశుని వివేకముపై నాధారపడియుండును.

న్యాయవాదిగా మూడేండ్లు పనిచేసిన వారినే తొలి న్యాయాధీశ పదవికి తీసికొనవలయునన్న నియమము 2002లో తొలగెను. 2025 మే 20న సర్వోన్నత న్యాయస్థానము దానిని పునరుద్ధరించెను. మేము దీనిని స్వాగతించుచున్నాము. పరీక్షలో నెగ్గుట వేఱు, కక్షిదారుని కష్టము నెఱుగుట వేఱు. పుస్తకము ధర్మశాస్త్రమును నేర్పును. లోకవ్యవహారమును నేర్పునది న్యాయస్థానపు వసారాయే.

అయితే ఒక చిక్కు గలదు. సంపన్నుని కుమారుడు మూడేండ్లు రాబడి లేకుండ పెద్ద న్యాయవాది కడ నుండగలడు. కౌలురైతు కుమార్తె యుండగలదా? అభ్యాసమునకై పెట్టిన నియమము పేదలకు అడ్డుగోడ యైనచో, న్యాయపీఠము కలవారి సొత్తగును. ఆంధ్రప్రదేశమున 2019లో యువ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల భృతి నారంభించిరి. ఆ మొత్తము స్వల్పమే, ఆలోచన సరియైనది.

కావున, నియమమును విధించిన రాజ్యమే దానిని దాటు నోపికను గూడ పేదవిద్యార్థి కొసగవలయును. జీవనమునకు చాలిన భృతిని మూడేండ్లును ఎడతెగక యిచ్చుట దయాధర్మము గాదు. రేపు మన భూములను, మన ప్రాణములను అప్పగింపబోవు వారి శిక్షణకై నేడు పెట్టు పెట్టుబడి యది.